చుట్టాల బాటిల్

రోజు 10,961
తొట్టి మట్టం: 61. కుళాయి నీళ్ళు తాగేవాళ్ళు: 412.

పై రెండు అంకెలూ రాయడమే నా ఉద్యోగం. మిగతాదంతా నా సరదా. శశిపాలెం నీటిగది లాగ్‌బుక్కులో రోజుకో పేజీ ఇచ్చారు. అంకెలకి ఒక్క వరస చాలు. మిగతా కాగితమంతా తెల్లగా ఉండిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. చంద్రుడి మీద ఏదీ వృథా చెయ్యకూడదని చట్టం ఉంది. కాగితానికి ఆ చట్టం వర్తించదని ఎవరూ చెప్పలేదు.

రోజూ సాయంత్రం మా ప్రెసిడెంటు మట్టపర్తి అనసూయమ్మ గారు వచ్చి పేజీ కింద "చూశాను" అని సంతకం పెట్టి వెళతారు. చూస్తారు, అందులో అబద్ధం లేదు. చదవరు.

నా పేరు కొప్పిశెట్టి వీరభద్రం. వయసు డెబ్బై ఒకటి. చదువు ఏడో తరగతి, ఆపైన పంపుల మాన్యువళ్ళు. ముప్ఫై ఏళ్ళ కిందట మొదటి బ్యాచ్‌తో ఇక్కడికొచ్చి ఈ నీటిగదిలో కూర్చున్నాను. ఊళ్ళో నాలుగు వందల పన్నెండు మందిమి. మా ఒంట్లోంచి నీరు ఏ దారిన బయటికొచ్చినా సరే, చెమటైనా, ఊపిరైనా, పేరు పెట్టి రాయక్కర్లేనిదైనా, నా తొట్టిలోకే వస్తుంది. పదకొండు రోజులు వడపోతల్లో తిరిగి, శుభ్రమై, వీధి కుళాయిలోకి పోతుంది. మనిషి వేలిముద్ర వేస్తే కుళాయి నీళ్ళిస్తుంది. పై లెక్క అలా వచ్చిందే.

వడపోతలో అన్నీ పోతాయి, ఒక్క ఇంగువ వాసన తప్ప. అదెందుకు పోదో కనుక్కోమని భూమ్మీద ఉన్న శాస్త్రజ్ఞులకి ఒకసారి నమూనా పంపించాను. "అందింది. పరీక్షించాం. ఆకలేస్తోంది" అని జవాబొచ్చింది. అంతకుమించి సైన్సు ముందుకు పోలేదు.

ఇవాళ జరిగిన సంగతి వేరే. అనసూయమ్మ గారు మా ఇంటికి వచ్చారు. గుమ్మం తొక్కిన మనిషికి ముందు మంచినీళ్ళు ఇవ్వాలి కదా. మా ఆవిడ మాణిక్యం అటక మీంచి చుట్టాల బాటిల్ దింపింది.

ఆ బాటిల్ గురించి రెండు ముక్కలు. ఇరవై ఏళ్ళ కిందట సరుకుల ఓడ పైలట్ ఒకాయన మాణిక్యం వండిన పులుసు తిని, మురిసిపోయి, బహుమానంగా ఇచ్చి వెళ్ళిన రెండు లీటర్ల బాటిల్ అది. పుడమిధార బ్రాండు, అచ్చంగా భూమి నీళ్ళు. దాన్ని బయటిగోడకి ఆనించి చల్లగా ఉంచుతుంది. చుట్టాలొస్తే తప్ప దింపదు. నేనొకసారి చెయ్యి చాపితే చేతి మీద ఒక్కటిచ్చింది.

"అది చుట్టాలకండీ. మీకు మీ కుళాయుంది కదా?"

అనసూయమ్మ గారు గ్లాసు ఎత్తి గుక్క వేసి కళ్ళు మూసుకున్నారు. "అబ్బ! నీళ్ళంటే ఇవీ వదినా! చల్లగా, కమ్మగా! మన కుళాయి నీళ్ళున్నాయి, నోట్లో పోసుకుంటే నిన్నటి చారు తాగినట్టుంటాయి."

"నేనిక్కడే ఉన్నానండి," అన్నాను.

"మిమ్మల్ని అనలేదు వీరభద్రం గారూ. నీళ్ళని అన్నాను."

ముప్ఫై ఏళ్ళయింది, ఆ తేడా నాకింకా తెలీదు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఇలాంటి నీళ్ళు ఊరందరికీ తెప్పిస్తే ఎలా ఉంటుందంటారు?" అన్నారు. మాణిక్యం చేతిలో గ్లాసు జారింది. చంద్రుడి మీద గ్లాసు నేలకి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఆ చాలాసేపూ ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

చూశాను. — అనసూయమ్మ, ప్రెసిడెంటు.

రోజు 10,990
మట్టం: 61. కుళాయి: 305.

ఓడ వచ్చింది. ఓడ నిండా పుడమిధార. కొట్టు నడిపే దొమ్మేటి రాజారత్నం బాటిళ్ళని గుమ్మం నుంచి వీధి మలుపు దాకా పేర్చి, "భూమ్మీద పుట్టింది, మీ కోసం పైకొచ్చింది" అని బోర్డు కట్టాడు. బాటిల్ ధర ఒక పూట కూలి. జనం ఎగబడ్డారు.

నేను కుళాయి దగ్గర నుంచుని చూస్తున్నాను. చిన్నప్పుడు మా ఊరి బస్టాండులో మంచినీళ్ళ కుళాయికి సత్తు గ్లాసు గొలుసేసి కట్టి ఉండేది. దానితో డ్రైవరూ తాగేవాడు, ఇన్‌స్పెక్టరూ తాగేవాడు, ఊరేగింపు మధ్యలో దాహమేస్తే పెళ్ళికొడుకూ తాగేవాడు. ఒకడి తర్వాత ఒకడు తాగామని ఎవరూ పోలేదు. పోయినవాళ్ళు వేరే కారణాలకి పోయారు. ఇంకోసంగతి, ఆ గ్లాసు కన్నా గొలుసు ఖరీదెక్కువ. చివరికి ఎవడో గొలుసు పట్టుకుపోయి గ్లాసు వదిలేశాడు. ఏం చెబుతున్నాను? ఆఁ, రాజారత్నం.

"బాబాయ్, ఏవనుకోకు," అన్నాడు. "నీ నీళ్ళు పదకొండు రోజుల కిందట ఎక్కడున్నాయో తల్చుకుంటేనే నాకు గుటక దిగదు."

"నీ నీళ్ళో? భూమ్మీద గేదెలు లేవా? మేకలు లేవా? పుట్టినకాడి నుంచీ ఏ ఒంట్లోకీ వెళ్ళకుండా నీ కొట్టు కోసం కూర్చున్నాయా అవి? నావి పదకొండు రోజులవి, నీవి పదకొండు వేల ఏళ్ళవి. నావే తాజా."

"గేదె సంగతి వేరు బాబాయ్. ఆ గేదె ఎవరో మనకి తెలీదు. ఇక్కడందరూ తెలిసినోళ్ళే, అదీ గొడవ."

నేను ఇంకో వైపునుంచి వచ్చాను.

"సరే, నువ్వమ్మిన ప్రతి చుక్కా పదకొండో రోజుకి నా కుళాయిలోకే వస్తుందా రాదా? డబ్బులు వాళ్ళవి, నీళ్ళు నావి. మీరు కొత్త సినిమా టిక్కెట్టు కొనుక్కుని చూస్తున్నారు, నేను అదే సినిమా పదకొండు రోజులాగి ఊరికే చూస్తున్నాను. అంతే తేడా."

"ఆయ్! చూడు బాబాయ్, చూడు. ఒక్కడివే కూర్చుని చూడు," అని నవ్వాడు.

ఇక్కడొక చిక్కుంది, ప్రెసిడెంటు గారు గమనించాలి. ఇన్నేళ్ళూ ఉన్న నీళ్ళే తిరుగుతున్నాయి. ఇప్పుడు కొత్త నీళ్ళు లోపలికొస్తున్నాయి, బయటికి పోవడానికి దారి లేదు. ఊరు కట్టినవాళ్ళు అసలు బయటికి గొట్టమే వెయ్యలేదు, ఒక్క చుక్క పారబోసినా నేరం కనక. మట్టం నూరుకి చేరితే యంత్రం తనంతట తానే మరుగుదొడ్ల తలుపులు మూసేస్తుంది. ఇది తమాషాకి రాయడం లేదు.

చూశాను. — అనసూయమ్మ, ప్రెసిడెంటు.

రోజు 11,021
మట్టం: 67. కుళాయి: 140.

మాణిక్యం ఊరి క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. ఇకనుంచి వంటకి కూడా బాటిల్ నీళ్ళే వాడాలని పంచాయతీ నుంచి కాగితం వచ్చింది. వాడింది. చారు చప్పగా వచ్చింది. ఉప్పేసింది, చప్పగానే ఉంది. మిరియం, జీలకర్ర, చింతపండు రెట్టింపు, అయినా ఏదో లోటు. నూట పది మంది భోజనాల బల్లల దగ్గర కూర్చుని జుర్రుకుంటూ "ఎంత స్వచ్ఛంగా ఉందో!" అన్నారు. ఒక్కరూ రెండో గరిటె అడగలేదు.

అనసూయమ్మ గారు మాత్రం కాస్త దారి తప్పిన మనిషిలా ఉన్నారు. మాణిక్యాన్ని పక్కకి పిలిచి, "వదినా, మీ ఇంట్లో తాగిన రుచి వీటికి రావట్లేదేంటి?" అన్నారు.

మాణిక్యం పప్పులో గరిటె పెట్టి తిప్పుతూనే ఉంది. "అది పాత సరుకు కదా వదినగారూ. కొత్తవాటికి ఆ నాణ్యం ఎక్కడిది?"

"అంతేనంటారా? అయితే పై రకం తెప్పిద్దాం."

పై రకం పేరు "పుడమిధార ప్రత్యేకం". ధర రెట్టింపు, మూత నీలం రంగు. రాజారత్నానికి బల్ల కింద చెయ్యి పెట్టి లెక్కేసుకునే అలవాటుంది. ఆ మాట వినగానే చెయ్యి బల్ల కిందికి పోయింది.

మా ఇంటి బాటిల్ ఇప్పుడు ఊళ్ళో యాత్రాస్థలం. "అసలు రుచి" తెలుసుకోడానికని రోజుకి నలుగురైదుగురు వస్తున్నారు. అందరికీ పోస్తోంది. కడుపు మండి రాస్తున్నాను, కట్టుకున్నవాడికి మాత్రం ఇప్పటికీ చుక్క లేదు. ఇరవై ఏళ్ళ నుంచి పోస్తున్నా ఇంకా అడుగంటలేదంటే ఎంత పొదుపుగా పోస్తోందో. ఆ పొదుపులో ఆవిడకి సాటి లేరు.

చూశాను. — అనసూయమ్మ, ప్రెసిడెంటు.

రోజు 11,060
మట్టం: 79. కుళాయి: 58.

పంచాయతీ తీర్మానం: కుళాయి తాగేవాళ్ళు యాభైకి తగ్గితే మంచినీటి కుళాయి తీసేస్తారు. ఆ నీళ్ళు ఇక కడుక్కోడానికీ తుడుచుకోడానికీ మాత్రమేనట, దానికి యంత్రం చాలు, మనిషి అక్కర్లేదట. మనిషంటే నేను.

శశిపాలెంలో ఉద్యోగం లేని మనిషికి చోటు లేదు. గాలీ తిండీ అన్నీ లెక్కే. ఉద్యోగం పోయినవాణ్ణి, ఇంటివాళ్ళతో సహా, తర్వాతి ఓడలో కిందికి పంపేస్తారు. చెడ్డ రూలేమీ కాదు. మొదటి బ్యాచ్‌లో చేతులెత్తి ఒప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు నాకు నలభై ఒకటి, చేతులు సులువుగా లేచేవి.

ఇప్పుడు నా మోకాళ్ళు చంద్రుడికి అలవాటు పడ్డాయి. ఇక్కడ నేను పదకొండు కేజీల మనిషిని. కింద అరవై ఆరు. "ఓడ దిగగానే మీ మోకాళ్ళు రెండూ కలిసి రాజీనామా ఇస్తాయి," అని డాక్టరు నవ్వుతూ చెప్పాడు. నవ్వడం ఆయన పద్ధతి. చెప్పింది మాత్రం నిజం. మాణిక్యం నడుం సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

కుళాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళకి కథలు చెప్పి, వేలిముద్ర వేయించుకుని, గ్లాసు నింపి ఇస్తున్నాను. నిన్న ఒకావిడ "తాగుతాను గానీ అన్నయ్యగారూ, కథ వద్దు" అంది. ఒప్పుకున్నాను. పరిస్థితి అంతదాకా వచ్చింది.

చూశాను. — అనసూయమ్మ, ప్రెసిడెంటు.

రోజు 11,095
మట్టం: 91. కుళాయి: 49.

యాభై దాటి కిందికి దిగింది. ముప్ఫై రోజుల్లో వచ్చే ఓడలో మాకు రెండు సీట్లు రాశారు, అప్పటిదాకా కుళాయి ఉంటుంది. మనిషికి ఆరు కేజీల సామాను.

మాణిక్యం సామాను తూకం వేస్తోంది. ఇడ్లీ రేకులు పెట్టింది, తీసింది. ఇంగువ డబ్బా పెట్టింది. చుట్టాల బాటిల్‌ని రెండు చీరల మధ్య పడుకోబెట్టి దాని పక్కనే చతికిలబడింది.

"తప్పంతా నాదేనండీ," అంది.

"నీదెలా అవుతుందే? నువ్వేం చేశావ్? వచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చావ్."

ఆవిడ నా వైపు చూసింది. నలభై ఆరేళ్ళ కాపరంలో ఆ చూపు నాకు తెలియనిది. ఏదో చెప్పబోయి, మళ్ళీ చీరలు మడత పెట్టడం మొదలెట్టింది.

మట్టం తొంభై ఒకటి. పోయినవాడి మాటలా కాకుండా ఉన్నవాడి మాటలా ఈ ఒక్కసారైనా చదవండి ప్రెసిడెంటు గారూ. నూరైతే మరుగుదొడ్లు మూతపడతాయి. మళ్ళీ రాస్తున్నాను. మరుగుదొడ్లు.

చూశాను. — అనసూయమ్మ, ప్రెసిడెంటు.

రోజు 11,119
మట్టం: 100. కుళాయి: 49 (నిన్నటిది).

పొద్దున్న ఏడున్నరకి, ఊరు ఊరంతా లేచి బాటిల్ నీళ్ళు పుష్కలంగా తాగేసిన వేళకి, మరుగుదొడ్ల తలుపులన్నీ ఒక్కసారి "టక్" మన్నాయి.

మొదటి పావుగంట మర్యాదగానే ఉంది. ఒకరినొకరు పలకరించుకున్నారు. తర్వాతి పావుగంట నుంచి ఊళ్ళో ఎవరూ నిలకడగా నిలబడలేదు. చంద్రుడి మీద మనిషి గెంతితే గోడెత్తు లేస్తాడు. ఆ పూట వీధి చూస్తే భరతనాట్యం, కబడ్డీ కలిపి ఆడుతున్నట్టుంది.

అనసూయమ్మ గారు నీటిగదిలోకి వచ్చారు. కుర్చీ చూపించాను. వద్దన్నారు.

"వీరభద్రం గారూ, ఏదో ఒకటి చెయ్యండి. తొందరగా!"

"చేద్దామండి. ముందు ఇది ఎలా మొదలైందో చెప్పాలంటే..."

"చెప్పద్దు!"

"నూట ఇరవై రోజులకి పైగా పుస్తకంలో రాస్తూనే ఉన్నానండి."

"ఏ పుస్తకం?"

"మీరు రోజూ సంతకం పెట్టేదండి."

ఆవిడ పుస్తకం వైపు చూశారు, తలుపు వైపు చూశారు, కాలు మార్చి నిలబడ్డారు. అప్పుడు నాకు జాలేసింది. ఎంతైనా ఆవిడ తాగిన నీళ్ళ బాధ్యత నాది, ఏ బాటిల్‌లోంచి తాగినా సరే.

"తొట్టిలోంచి నీళ్ళు తీసెయ్యాలండి. పారబొయ్యడానికి వీల్లేదు, దేనిలోనైనా పట్టి ఉంచాలి. వెయ్యి బాటిళ్ళు పడితే మట్టం ఒక అంకె దిగుతుంది, తలుపులు తెరుచుకుంటాయి."

"వెయ్యి ఖాళీ బాటిళ్ళు ఎక్కడ దొరుకుతాయండీ ఇప్పుడు?"

పాపం, కంగారులో మర్చిపోయారు గానీ, శశిపాలెంలో ఖాళీ బాటిల్ పారేసిన మనిషి ఇంకా పుట్టలేదు. మూత గట్టిగా ఉన్న బాటిల్ పారెయ్యడమంటే మనవాళ్ళకి చెయ్యి తెగినంత పని. మైకులో ఒక్క మాట చెప్పాను. మంచాల కిందనుంచి, బీరువాల వెనకనుంచి, అటకల మీదనుంచి బాటిళ్ళు వరదలా వచ్చాయి. కొన్నిటిలో కొత్తిమీర మొలుస్తోంది. కొన్నిటి మీద "కందిపప్పు" అని రాసుంది. అనసూయమ్మ గారింటి నుంచే నూట ఎనభై వచ్చాయి, అన్నీ నీలం మూతలు.

కుళాయి ముందు వరస కట్టారు. కుళాయి వేలిముద్ర లేనిదే పోయదు. ఒక్కొక్కరూ వేలు పెడతారు, బాటిల్ నింపుతారు, గెంతుకుంటూ పక్కకి పోతారు. రాజారత్నం వరస సర్దుతూ, మూతలు బిగిస్తూ, మధ్యమధ్యలో "బాబాయ్, ఇంకా ఎన్ని?" అని ఏడుపుగొంతుతో అడుగుతున్నాడు.

"గేదెని తల్చుకో అబ్బాయ్, ఓపిక వస్తుంది," అన్నాను.

తొమ్మిది వందల తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. వెయ్యి.

"టక్."

ఊరంతా ఒకేసారి మాయమైంది. కుళాయి దగ్గర నేనూ, వెయ్యి బాటిళ్ళూ మిగిలాం.

చూశాను. — అనసూయమ్మ, ప్రెసిడెంటు. (సంతకం కాస్త వంకరగా ఉంది.)

రోజు 11,131
మట్టం: 71. కుళాయి: 412.

పన్నెండు రోజులుగా బాటిళ్ళు పడుతూనే ఉన్నాం. ఇరవై తొమ్మిది వేలు. ఇంటింటా గోడలెత్తున బాటిళ్ళు. కింద నుంచి ఇక ఒక్క చుక్క కూడా పైకి రాకూడదని తీర్మానమైంది. ఓడ వచ్చింది, తెచ్చిన బాటిళ్ళు తెచ్చినట్టే వెనక్కి పట్టుకుపోయింది. మా రెండు సీట్లూ ఖాళీగా వెళ్ళాయి. తాగే ప్రతి మనిషీ మళ్ళీ కుళాయిలో వేలు పెట్టాల్సిందే కనక, కుళాయి ఉంటుంది, నేనూ ఉంటాను, మోకాళ్ళూ ఉంటాయి.

అలాగని ఊరు ఓడిపోయిందనుకునేరు. ఎవరినడిగినా "మేం బాటిల్ నీళ్ళే తాగుతున్నాం" అంటున్నారు. రాజారత్నం కుళాయి దగ్గర పట్టుకెళ్ళి, బయటిగోడకి ఆనించి చల్లబరిచి, మూతకి సీలు వేసి అమ్ముతున్నాడు. కొంటున్నారు! పక్కనే కుళాయి, ఊరికే వస్తుంది. అయినా కొంటున్నారు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"సీలు తీసేటప్పుడు 'క్రిక్' మంటది కదా బాబాయ్? ఆ చప్పుడికి ఇస్తున్నారు," అన్నాడు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో అనసూయమ్మ గారు అలాంటిదే ఒకటి క్రిక్ మనిపించి, గ్లాసులో పోసుకుని, గుక్క వేసి, కళ్ళు మూసుకున్నారు.

"వదినా! ఇదీ! ఇదే రుచి! మీ ఇంట్లో తాగింది అచ్చం ఇదే!"

క్యాంటీన్ అంతా గ్లాసులెత్తి అవునంది. అదే కమ్మదనం, అదే చల్లదనం. నేను మాణిక్యం వైపు చూశాను. ఆవిడ పైకప్పులో ఏదో మరమ్మతు ఉన్నట్టు పైకే చూస్తోంది.

ఇంటికొచ్చాక అటక వైపు చెయ్యి చాపాను. ఈసారి చేతి మీద కొట్టలేదు. తనే దింపి, గ్లాసులో పోసి ఇచ్చింది.

"ఈ పూటకి మీరూ చుట్టమే అనుకుంటాను."

తాగాను. చల్లగా ఉంది. గొంతు దిగాక, వెనకాలే, తీరిగ్గా, ఇంగువ వచ్చింది.

"ఎప్పట్నుంచే?"

"పైలట్ బాబు ఇచ్చిన నీళ్ళు నాలుగో రోజుకే అయిపోయాయండీ. మా చెల్లెలి మొగుడు వచ్చాడుగా, రెండు గ్లాసులు అడిగాడు. తర్వాత ప్రెసిడెంటు లాంటివాళ్ళొస్తే కుళాయి నీళ్ళు ఎలా ఇవ్వను? అందుకని కుళాయి నీళ్ళే అందులో పోసి..."

ఇరవై ఏళ్ళు. ఊళ్ళో నీళ్ళన్నీ అంకెలేసి కొలిచే మనిషిని, మా అటక మీద రెండు లీటర్లు తరగడం లేదని కనిపెట్టలేకపోయాను. ఊరు ఎగబడిందీ, కుళాయి మూతపడబోయిందీ, మరుగుదొడ్లు టక్కుమన్నదీ, అన్నీ నా నీళ్ళ రుచి వెతుక్కుంటూనే.

"నాకైనా ఒక్క మాట చెప్పచ్చు కదే? సీట్లు రాసినరోజైనా?"

"చెబితే మీరు ఊరుకుంటారా? ఆ పుస్తకంలో రాసేస్తారు. ప్రెసిడెంటు గారు చదివితే నా పరువేం కాను?"

రాయనని ఒట్టేశాను. రేపు చెరిపేస్తాను. అంకెలు మాత్రం సరిగ్గా రాయడం నా ఉద్యోగం కనక, పైన రాసిన లెక్క కింద ఇంకో వరస చేరుస్తున్నాను.

కుళాయి నీళ్ళు తాగేవాళ్ళు: 412. తెలిసి తాగేవాళ్ళు: 2.

చూశాను. — అనసూయమ్మ, ప్రెసిడెంటు.